ఇష్యూ ట్రాకర్ బీటాను మన తెలుగు కంప్లయింట్లతో పరీక్షించడం ఎలా

ఇందుకూరుపేట నుంచి విడవలూరు దాకా రొయ్యల గుంటలున్న ఊళ్లలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు, మోటర్లు బాగుచేసే సర్వీస్ షాపు మీదనుకోండి. కంప్లయింట్లు ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ వస్తుంటాయి. ఏ గుంటకు ఎవరు వెళ్లారు, ఏ మోటర్ వైండింగ్‌కు పోయింది, ఎవరికి ఇంకా బదులు చెప్పలేదు అన్నది ఒకచోట ఉండాలని ఓపెన్ సోర్స్ ఇష్యూ ట్రాకర్ ఒకటి పెట్టుకున్నారు. అది బాగానే నడుస్తోంది. ఇంతలో దాని కొత్త బీటా, అంటే ఫైనల్ విడుదలకు ముందు పరీక్ష కోసం వదిలే వెర్షన్, వచ్చింది. వేసుకోవాలా, ఆగాలా, వేసుకుంటే ఎలా అన్నది ఇక్కడ వరసగా చెబుతాను. చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో మిషన్ల రిపేర్లు రాసుకునేవాళ్లకూ, ఒంగోలులో కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లు చూసుకునేవాళ్లకూ ఇదే వరస పనికొస్తుంది.

ఉదాహరణకు రౌండప్‌ను తీసుకుంటున్నాను. మాంటిస్, రెడ్‌మైన్, బగ్‌జిల్లా లాంటివి కూడా ఉన్నాయి, అవీ మంచివే. రౌండప్ అయితే పైథాన్ ఉన్న ఏ చిన్న కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది, పక్కన పెద్ద డేటాబేస్ సర్వర్ లేకున్నా సరిపోతుంది. చిన్నదని తీసిపారేయకండి. పైథాన్ భాష సొంత బగ్‌ల లెక్క 2022లో గిట్‌హబ్‌కు మారేదాకా దీని మీదే నడిచింది.

ఒక మాట ముందే అనుకుందాం. బీటా విడుదల చేసేవాళ్లు తమ దగ్గరున్న డేటాతో చూసే విడుదల చేస్తారు. లాగిన్ అవుతుందా, ఇష్యూ సేవ్ అవుతుందా అన్నవి మళ్లీ మీరు చూడటం వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. "అన్నా, రెండో గుంట ఏరేటర్ తిరగట్లా, మోటర్ కాలిన వాసనొస్తా ఉంది" అనే వాక్యాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో మాత్రం వాళ్లు చూసి ఉండరు. మీ సమయం దాని మీద పెట్టండి.

ముందు, నడుస్తున్నదాన్ని కదిలించకండి

బీటాను ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లో, వేరే పైథాన్ వాతావరణంలో వేయాలి. పైథాన్‌తోనే వచ్చే 'వెన్వ్' (venv) అందుకే ఉంది. లినక్స్ రకాలైన డెబియన్ 12లోనూ, ఉబుంటు కొత్త వెర్షన్లలోనూ నేరుగా, పైథాన్ ప్రోగ్రాములను దించి వేసే పిప్‌తో వేయబోతే సిస్టమే అడ్డుపడి ఎర్రర్ ఇస్తుంది. దాన్ని బలవంతంగా దాటే ఆప్షన్ కూడా ఒకటుంది. దాని జోలికి పోకుండా వెన్వ్ చేసుకోండి, రెండు నిమిషాల పని.

పిప్‌కు ఇంకో అలవాటుంది. "రౌండప్ వెయ్" అంటే అది స్థిరమైన పాత వెర్షన్‌నే తెస్తుంది, బీటాను ముట్టుకోదు. బీటా కావాలంటే పక్కపక్కన రెండు హైఫన్లు, వాటికి ఆనించి 'ప్రీ' అనే ఆప్షన్ ఇవ్వాలి, లేదా వెర్షన్ నంబరు మొత్తం రాయాలి. బీటాకు నంబరు చివర బీ1, బీ2 అని ఉంటుంది. వేసిన తర్వాత 'పిప్ షో'తో నంబరు ఒకసారి చూసుకోండి. ఇది చూసుకోకపోతే పాత వెర్షన్‌నే గంటలకొద్దీ పరీక్షించి "అంతా బాగుంది" అని రాసే ప్రమాదం ఉంది.

మొదటి పూట మీ డేటా అక్కర్లేదు. రౌండప్‌తోపాటు 'రౌండప్-డెమో' అనే కమాండ్ వస్తుంది. అది నడిపితే ఖాళీ ట్రాకర్ ఒకటి తయారై, అదే కంప్యూటర్‌లో 8917 పోర్టు మీద తెరుచుకుంటుంది. డెమో అనే యూజర్, అడ్మిన్ అనే యూజర్ ఇద్దరూ సిద్ధంగా ఉంటారు, వాళ్ల పేరే వాళ్ల పాస్‌వర్డ్. అందుకే దీన్ని షాపు వైఫై మీద అందరికీ కనపడేలా పెట్టకండి. ఓ గంట అటూ ఇటూ తిరిగి చూడండి, చాలు.

అసలు పని మీ డేటా నకలుతో మొదలవుతుంది. పాత సర్వర్‌ను ఆపండి. ట్రాకర్ ఫోల్డర్ మొత్తాన్ని, అంటే సెట్టింగుల ఫైలు, డేటా ఎలా అమరాలో చెప్పే స్కీమా ఫైలు, పేజీల ఫోల్డర్, అటాచ్‌మెంట్లు అన్నిటినీ కాపీ చేయండి. ఎస్‌క్యూలైట్ వాడుతుంటే డేటాబేస్ కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది కాబట్టి పని అయిపోయినట్టే. పాత సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ వాడుతుంటే ఇక్కడ నిదానంగా చదవండి. మీరు కాపీ చేసింది ఫోల్డర్‌ను మాత్రమే. డేటాబేస్ ఇంకా ఒక్కటే ఉంది. కాపీలో ఉన్న సెట్టింగుల ఫైలు ఆ అసలు డేటాబేస్ పేరే చెబుతోంది. ఈ స్థితిలో బీటాతో మైగ్రేట్ కమాండ్ (పాత డేటాను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చేది) కొడితే అది మార్చేది నకలును కాదు, రేపు పొద్దున షాపు తెరవగానే మీకు కావలసిన అసలు డేటాను. కొత్త వెర్షన్ మార్చిన డేటాబేస్‌ను పాత వెర్షన్ మళ్లీ తెరుస్తుందన్న నమ్మకం పెట్టుకోకండి. కాబట్టి ముందు డేటాబేస్‌ను డంప్ తీయండి, అంటే మొత్తాన్ని ఒక ఫైలుగా దించుకోండి, వేరే పేరుతో కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించండి, సెట్టింగుల ఫైల్లో పేరు మార్చండి. ఆ తర్వాతే మైగ్రేట్. వీలైతే నకలుకు డేటాబేస్ యూజర్‌ను కూడా వేరేగా పెట్టి, అసలు డేటాబేస్ మీద ఆ యూజర్‌కు ఏ హక్కూ ఇవ్వకండి. పేరు మార్చడం మర్చిపోయినా అప్పుడు ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.

మెయిల్‌ను కట్టేయండి

ట్రాకర్ నకలు కూడా ట్రాకరే. అందులో ఇష్యూ మారిస్తే అది తన పని తాను చేస్తుంది, జాబితాలో ఉన్నవాళ్లందరికీ మెయిల్ పంపుతుంది. మీరు పరీక్ష కోసం "మోటర్ మార్చాలి, ఖర్చు మీదే" అని ఏదో కొడితే అది అల్లూరులో రైతు ఫోన్‌కు చేరుతుంది. ఆయన మధ్యాహ్నానికి షాపులో ఉంటాడు.

రౌండప్ సెట్టింగుల ఫైల్లో మెయిల్ భాగం కింద 'డీబగ్' అనే వరస ఉంటుంది. దానికి ఎదురుగా ఒక ఫైలు పేరు ఇస్తే బయటికి పోవలసిన మెయిళ్లన్నీ పోకుండా ఆ ఫైల్లో రాసుకుంటుంది. దీనివల్ల ఇంకో లాభం, ఏ మెయిల్ ఎలా తయారైందో అక్షరం అక్షరం చూడొచ్చు. ట్రాకర్ వెబ్ చిరునామాను కూడా మార్చండి. లేకపోతే నకలు తయారుచేసిన లింకులు అసలు ట్రాకర్‌కు తీసుకెళ్తాయి, మీరు ఎక్కడ ఏం మారుస్తున్నారో మీకే తెలియదు.

లోపలికి వచ్చే మెయిల్ సంగతి చాలామంది మరిచిపోతారు. మెయిల్‌బాక్స్ నుంచి కంప్లయింట్లు తెచ్చుకునేలా క్రాన్ (వేళకు దానంతటదే నడిచే కమాండ్) పెట్టి ఉంటే, నకలుకూ అదే క్రాన్ పెట్టకండి. రెండూ ఒకే పెట్టెలోంచి తీసుకుంటే సగం కంప్లయింట్లు నకల్లో పడి అక్కడే ఉండిపోతాయి. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ ఏరేటర్ ఆగిందని వచ్చిన కబురు తప్పిపోతే జరిగే నష్టం ముందు ఏ సాఫ్ట్‌వేర్ పరీక్షా లెక్కలోది కాదు.

నకల్లో ఫోన్ నంబర్లు, పేర్లు మార్చేయడం కూడా ఇప్పుడే చేయండి. తర్వాత స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు ఆ టెన్షన్ ఉండదు.

ఇక మైగ్రేట్ నడపండి, సర్వర్‌ను వేరే పోర్టు మీద మొదలుపెట్టండి. ఇక్కడ వచ్చే ఎర్రర్లను, హెచ్చరికలను ఒక ఫైల్లో దాచుకోండి. పాత సెట్టింగుల ఫైల్లో లేని కొత్త వరసలు బీటాకు కావలసి రావచ్చు. వాటి వివరం అప్‌గ్రేడ్ పత్రంలో ఉంటుంది. ఆ పత్రాన్ని చదువుతూ చేయండి, ఎందుకంటే బీటాలో తప్పు దొరికేది సాఫ్ట్‌వేర్‌లోనే కాదు, అప్‌గ్రేడ్ పత్రంలో ఒక మెట్టు రాయడం మర్చిపోయినా అదీ రిపోర్ట్ చేయదగ్గదే.

ఇప్పుడు తెలుగు పెట్టండి

మొదట సెర్చ్. ఇది చాలాచోట్ల తన్నేస్తుంది, కారణం కూడా చెప్పుకోదగ్గది.

అక్షరాల వరసలను వెతికి పట్టే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "పదంలో భాగమైన అక్షరం" అని చెప్పడానికి ఒక గుర్తు ఉంది. అది మామూలు అక్షరాలను, అంకెలను ఒప్పుకుంటుంది. మన గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును మాత్రం అక్షరాలుగా లెక్కించదు. ఆ గుర్తుతో వాక్యాన్ని పదాలుగా విడగొడితే ఏమవుతుందో చూడండి. 'గుంట' అన్న మాటలో కొమ్ము దగ్గరా సున్న దగ్గరా తెగి, గ ఒకచోట, ట ఒకచోట మిగులుతాయి. ఒంటి అక్షరాలను సెర్చ్ పట్టించుకోకపోతే, 'గుంట' అని ఎన్నిసార్లు వెతికినా ఒక్క కంప్లయింటూ రాదు. 'మోటర్' అన్నది తెగి 'టర' మిగులుతుంది. 'మీటర్' తెగినా అదే 'టర', 'ఏరేటర్' చివరా అదే. అంటే మోటర్ అని వెతికితే కరెంటు మీటర్ కంప్లయింట్లు కూడా వచ్చి పడతాయి. ఎస్‌క్యూలైట్‌తో వచ్చే ఎఫ్‌టీఎస్5 సెర్చ్‌కూ మామూలుగా పెట్టిన సెట్టింగులో ఇదే గుణం ఉంది, అక్షరాలూ అంకెలే దానికి పదభాగాలు.

కాబట్టి ఇలా చేయండి. నాలుగు ఇష్యూలు రాయండి. ఒకదాంట్లో 'గుంట', ఒకదాంట్లో 'మోటర్', ఒకదాంట్లో 'మీటర్', ఒకదాంట్లో 'చెరువు'. ఒక్కో మాటా వెతికి ఏవి వచ్చాయో రాసుకోండి. రౌండప్‌లో సెర్చ్ ఇంజిన్‌ను మార్చుకునే వీలుంది, మీరు ఏది పెట్టారో కూడా రాసుకోండి. ఇదే పరీక్షను పాత వెర్షన్ మీద కూడా చేయడం తప్పనిసరి. పాతదాంట్లోనూ ఇలాగే ఉంటే అది ఎప్పటినుంచో ఉన్న లోపం, బీటా తెచ్చింది కాదు. పాతదాంట్లో దొరికి కొత్తదాంట్లో దొరక్కపోతే మాత్రం వాళ్లు పరుగెత్తుకొచ్చి చూస్తారు. సెర్చ్‌లో రాదని విసిగి చాలామంది కంప్లయింట్లను ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగుగా కొడుతుంటారు. ఈ లోపం ఇన్నాళ్లు ఎవరి కంటా పడకపోవడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను.

రెండోది కంటికి కనపడని అక్షరం. 'ట్రాన్స్‌ఫార్మర్' అని రాసేటప్పుడు 'స్' పక్కన ఫా వత్తుగా మారకుండా ఒక వెడల్పు లేని గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. కంప్యూటర్‌లో గుర్తుతో రాసినదాన్ని ఫోన్‌లో గుర్తు లేకుండా వెతికితే దొరుకుతుందా? రెండు రకాలుగానూ రాసి, రెండు రకాలుగానూ వెతకండి. అట్లాగే 'మోటర్', 'మోటార్', 'మోటరు' మూడూ వేర్వేరు మాటలే కంప్యూటర్‌కు. అది మాత్రం బగ్ కాదు, మన రాత పద్ధతి. షాపులో ఒకే స్పెల్లింగు పెట్టుకోండి.

మూడోది మెయిల్ సబ్జెక్టు. మెయిల్ హెడర్‌లో తెలుగు నేరుగా పోదు, సంకేతంగా మారి, ఒక్కోటి 75 అక్షరాలకు మించని ముక్కలుగా పోతుంది. ముక్క విరిచేచోట ఒక తెలుగు అక్షరం తాలూకు బైట్లు రెండుగా చీలకూడదు. చీలితే సబ్జెక్టు మధ్యలో ప్రశ్నగుర్తులో నల్ల డైమండ్లో కనిపిస్తాయి. చిన్న సబ్జెక్టుతో ఇది బయటపడదు. "తోటపల్లిగూడూరు దగ్గర మూడో గుంట ఏరేటర్ గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారుతోంది, రాత్రిలోగా చూడాలి" లాంటి పొడుగాటి టైటిల్ ఇచ్చి, ఇందాకటి డీబగ్ ఫైల్లో చూడండి. తర్వాత మీ సొంత చిరునామాకు ఒక్క మెయిల్ నిజంగానే పంపి ఫోన్లో చదవండి.

నాలుగోది అటాచ్‌మెంటు పేరు. లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగు అక్షరపు ఒక్కో యూనికోడ్ ముక్కా 3 బైట్లు తింటుంది. 'లక్ష్మి' అన్న రెండక్షరాల పేరు 7 ముక్కలు, అంటే 21 బైట్లు. 85 ముక్కలు దాటితే పేరు పట్టదు. పొడుగు తెలుగు పేరున్న ఫోటో ఎక్కించి, మళ్లీ దింపి, పేరు అలాగే ఉందో, శాతం గుర్తుల చెత్తగా మారిందో, మధ్యలో తెగిందో చూడండి.

వాట్సాప్ నుంచి తెచ్చి అతికించిన కంప్లయింట్లలో ఇమోజీలు ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌లో పాత 'యూటీఎఫ్8' పెట్టి ఉంటే అది అక్షరానికి 3 బైట్ల దాకానే ఇస్తుంది. తెలుగు అందులో ఇమిడిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దండం పెట్టే ఇమోజీ ఒక్కటి రాగానే, దానికి 4 బైట్లు కావాలి కాబట్టి, సేవ్ ఆగుతుంది. 'యూటీఎఫ్8ఎంబీ4'లో ఈ బాధ లేదు.

కంప్లయింట్ల జాబితాను సీఎస్‌వీగా దించి ఎక్సెల్‌లో తెరవండి. తెలుగంతా పిచ్చి గీతలైతే వెంటనే బగ్ అనకండి. ఎక్సెల్‌లోనే 'డేటా' మెనూ నుంచి యూటీఎఫ్-8 అని చెప్పి తెరిస్తే సరిగా వస్తోందేమో చూసి, ఆ రెండు సంగతులూ రాయండి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన పాత జాబితాను అతికిస్తే మాత్రం చెత్తే వస్తుంది, అది యూనికోడ్ కాదు. అందులో ట్రాకర్ తప్పేమీ లేదు.

సమయం కూడా చూడండి. మన టైమ్ 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, ఆ అరగంటే చిక్కు. తెల్లవారుజామున 4:40కి వచ్చిన కంప్లయింటు ముందురోజు రాత్రి 11:10 అని పడుతోందా? 4:10 అనో 5:10 అనో పడుతోందా? యూజర్ పేజీలో టైమ్‌జోన్ మార్చి మళ్లీ చూడండి.

ఆ తర్వాత రెండు ఫోన్లు తీసుకుని ఒకే ఇష్యూను రెండింట్లో తెరవండి. ఒకదాంట్లో "మెకానిక్ బయలుదేరాడు" అని మార్చి సేవ్ చేయండి, రెండోదాంట్లో పేజీ తాజా చేయకుండానే ఇంకేదో మార్చి సేవ్ కొట్టండి. ఇంతలో ఇంకొకరు మార్చారని రౌండప్ హెచ్చరించాలి. హెచ్చరించకుండా మొదటి మార్పును మింగేస్తే అది పెద్ద బగ్. గుంటల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రమే కాబట్టి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌ను కావాలని నెమ్మది చేసి, సేవ్ బటన్ రెండుసార్లు నొక్కి, ఒకే కంప్లయింటు రెండుగా పడుతోందేమో కూడా చూడండి.

దొరికినదాన్ని రాయడం

ముందు ఆ ప్రాజెక్టు ట్రాకర్‌లో ఎవరైనా ఇప్పటికే రాశారేమో వెతకండి. రాసి ఉంటే దాని కిందే మీ వివరం చేర్చండి. లేకపోతే కొత్తది తెరవండి, ఒక రిపోర్టులో ఒక్క సంగతే. "తెలుగు సపోర్ట్ బాగాలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "పదం మధ్యలో గుణింతపు గుర్తు ఉంటే సెర్చ్ ఆ పదాన్ని విడగొడుతోంది" అంటే చదివినవాడికి ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది.

రిపోర్టు ఇంగ్లిష్‌లోనే రాయాలి, చిన్న చిన్న వాక్యాలు చాలు, గ్రామర్ గురించి మొహమాటపడకండి. బీటా నంబరు, పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, సెర్చ్ ఇంజిన్, బ్రౌజర్ రాయండి. ఏం చేస్తే వచ్చిందో మెట్టుమెట్టుగా, ఖాళీ డెమో ట్రాకర్‌తో మొదలుపెట్టి రాయండి, వాళ్ల దగ్గర మీ డేటా ఉండదు కదా. ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది, పాత వెర్షన్‌లో ఎలా ఉంది. తెలుగు మాటను స్క్రీన్‌షాట్‌లో కాకుండా టెక్స్ట్‌గా అతికించండి, పక్కన ఒక్కో ముక్క యూనికోడ్ నంబరు ఇవ్వండి. తెలుగు చదవలేని మనిషి 'గుంట'కూ 'గంట'కూ తేడా కంటితో పట్టలేడు, నంబర్లతో పట్టగలడు. ఎర్రర్ ట్రేస్ (తప్పు ఎక్కడెక్కడ పుట్టిందో చెప్పే వరసలు) వస్తే మొత్తం ఇవ్వండి, చివరి వరస ఒక్కటే కాదు.

లాగిన్ లేకుండా ఇతరుల కంప్లయింట్లు కనపడటం లాంటి భద్రతా లోపం దొరికితే అందరికీ కనపడేచోట రాయకండి. వాటిని ఎవరికి చెప్పాలో ప్రాజెక్టు పత్రాల్లో వేరే చెబుతారు.

నకలును వెంటనే తుడిచేయకండి. వాళ్లు ఏదో అడుగుతారు, "ఈ సెట్టింగు మార్చి చూడండి" అంటారు. బీ2 వస్తే అదే నకలు మీద కాకుండా, పాత వెర్షన్ డేటాను మళ్లీ తాజాగా కాపీ చేసి దాని మీద వేసి, మీరు రాసిన బగ్ పోయిందో లేదో ఆ రిపోర్టు కిందే ఒక్క వాక్యం రాయండి. ఈ ఒక్క వాక్యం రాసేవాళ్లు తక్కువ.

ఫైనల్ విడుదలయ్యాక అసలు ట్రాకర్‌ను మార్చే రోజు మీరే ఎంచుకోండి. వనామీ రొయ్యల పట్టుబడి అయిపోయి గుంటలు ఎండబెట్టే వారమైతే మేలు, అప్పుడు ఏరేటర్ కాల్స్ తక్కువ. పగటిపూట మొదలుపెట్టండి. బ్యాకప్ తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్న తర్వాతే మైగ్రేట్ కొట్టండి. ఆ రోజు సాయంత్రం దాకా కౌంటర్ మీద పాత పద్ధతిలో నోటు పుస్తకం ఒకటి ఉంచండి.